రెండు గంటల ఆతిథ్యం

బర్మింగ్‌హామ్ నుంచి గ్లాస్గోకు ప్రయాణం. అల్లుని స్నేహితుని ఇంట వలీమా విందు. అక్టోబరు నెల, గురువారం నాడు అస్ర్ నమాజు ముగించుకొని కారులో బయలుదేరాము. ఎం-6 అనే రహదారి ఇంగ్లండు నడుమ నుంచి ఉత్తరంగా సాగి స్కాట్లాండు సరిహద్దు దాకా వెళుతుంది. మగ్రిబ్ నమాజు చెషైర్ ప్రాంతంలో ఒకచోట ఆగి చేసుకున్నాము. లాంకాషైర్‌లో చాలా దూరం సాగేసరికి ఇషా వేళ అయింది. సన్నగా వాన పడుతోంది. వెనుక సీట్లో మనుమరాలు ఆకలితోనో నిద్రతోనో మారాం మొదలుపెట్టింది.

“ఇంకో రెండు మైళ్ళలో సర్వీసెస్ ఉంది మామూ, అక్కడ ఆగుదాం” అన్నాడు అల్లుడు.

చూడనివారి కోసం సర్వీసెస్ అంటే ఏమిటో చెప్పాలి. బ్రిటన్‌లో మోటార్‌వే మీద ఎక్కడ పడితే అక్కడ వాహనం ఆపకూడదు. దారి పక్కన టీ కొట్టు ఉండదు, పండ్ల బండి ఉండదు, వంతెన కింద నీడ కూడా ఉండదు. వాహనం చెడిపోతే తప్ప అంచున ఆగడం నేరం. అందుకని కొన్ని మైళ్ళకొకటి చొప్పున పక్కకు చీలిన దారి చివర ఒక విశాలమైన ఆవరణ ఉంటుంది. పెట్రోలు, భోజనం, మరుగుదొడ్లు, పిల్లలకు పాలు పట్టే గది, కొన్నిచోట్ల అన్ని మతాలవారికీ కలిపి ఒక ప్రార్థన గది, అన్నీ అక్కడే. మొదటి పొడవైన మోటార్‌వే ఎం-1 ప్రారంభమైన 1959 నవంబరు 2వ తేదీనే దాని మీద వాట్‌ఫర్డ్ గ్యాప్ అనేచోట ఇటువంటి మజిలీ తెరుచుకుంది. తొలి రోజుల్లో దాని ముఖ్య అతిథులు లారీ డ్రైవర్లే.

ఈ మజిలీలకు ప్రభుత్వం పెట్టిన షరతులను అల్లుడు దారిలోనే వివరించాడు. రోజుకు ఇరవై నాలుగు గంటలు, సంవత్సరానికి 365 రోజులు తెరిచి ఉండాలి. మరుగుదొడ్డికి రుసుము అడగరాదు. ఏదైనా కొంటేనే లోపలికి రానిస్తామని అనరాదు. కారైనా, లారీ అయినా, బస్సు అయినా మొదటి రెండు గంటలు ఉచితంగా ఆపుకోనివ్వాలి. ఇది విన్నప్పుడు నాకు ఎంతో ముచ్చట వేసింది. దివ్య ఖుర్ఆన్ జకాత్ ధనం ఎవరెవరికి చెందాలో ఎనిమిది వర్గాలను పేర్కొన్నప్పుడు చివరిగా చెప్పింది బాటసారినే. తన ఊళ్ళో ఎంత కలవాడైనా సరే, దారిలో ఉన్నప్పుడు అతనికి ఒక హక్కు ఉంది. ఆ హక్కును ఈ దేశంవారు తమ పద్ధతిలో గుర్తించారు కదా అనుకున్నాను. ఆ అభిప్రాయం సగం సరైనదేనని ఆ రాత్రే తెలిసింది.

కారు ఆపి దిగగానే అల్లుడు గడియారం చూసుకొని ఫోనులో సమయం రాసుకున్నాడు. ఎందుకని అడిగాను. ద్వారం దగ్గరి కెమెరా మన నంబరు పలక ఫోటో తీసింది, తిరిగి వెళ్ళేటప్పుడు మరొకటి తీస్తుంది, రెండింటి మధ్య రెండు గంటలు దాటితే ఇంటికి జరిమానా నోటీసు వస్తుందన్నాడు. లోగడ ఒకసారి జ్వరంతో ఉన్న బిడ్డ నిద్రపోయిందని లేపకుండా కూర్చున్నందుకు అలాంటిదే వచ్చిందట. బతిమాలి ఉత్తరం రాస్తే సగం తగ్గించారట. సరే, కారువాడికి రెండు గంటలు చాలు. తింటాడు, కాళ్ళు చాపుకుంటాడు, నమాజు చేసుకుంటాడు, వెళ్ళిపోతాడు.

నమాజుకు చోటు వెదుకుతూ భవనం వెనుకకు నడిచాము. అక్కడ కనిపించింది అసలు ఊరు. ముందువైపు వెలుగులు, బర్గర్ల దుకాణాలు, పిల్లల కేరింతలు. వెనుకవైపు చీకట్లో వరుసలు తీరి నిలిచిన లారీలు. ఒక్కొక్కటి మన రైలు పెట్టె అంత. క్యాబిన్ల అద్దాలకు లోపలి నుంచి తెరలు దించి ఉన్నాయి. కొన్ని తెరల వెనుక చిన్న దీపం, ఒకదానిలో నుంచి ఫోనులో ఎవరితోనో మాట్లాడుతున్న గొంతు, ఏ భాషో తెలియదు. పోలండు, రుమేనియా, లిథువేనియా దేశాల పలకలున్న బండ్లు కూడా ఉన్నాయని అల్లుడు చూపించాడు. అంతమంది మనుషులున్న చోట అంత నిశ్శబ్దాన్ని నేను ఎక్కడా చూడలేదు.

మా ఆవిడ తల మీది దుపట్టాను, నా టోపీని చూసి ఒక లారీ మెట్టు మీద కూర్చున్న వ్యక్తి లేచి “అస్సలాము అలైకుమ్” అన్నాడు. నలభై అయిదేళ్ళుంటాయి. బ్రాడ్‌ఫర్డ్ నివాసి. తండ్రి మీర్‌పూర్ నుంచి వచ్చి నూలు మిల్లులో పని చేసినవాడట. అతని ఉర్దూ పహాడీ యాసతో, నా ఉర్దూ దక్కనీ యాసతో కలుసుకొని కొంచెం తడబడ్డాయి గాని, సలాముకు యాస లేదు కదా. ఖిబ్లా ఎటని అడిగితే చేయి చాపి చూపించాడు. ఈ ఆవరణకు ఎన్నో రాత్రులు వచ్చినవాడు, దిక్సూచి అక్కర్లేదు. సామాన్లు దించే చూరు కింద తడి లేని చోట అతని ప్లాస్టిక్ చాప పరిచాము. ముగ్గురం జమాఅతుగా ఇషా ఖస్ర్ చేసుకున్నాము. నాలుగు రకాతుల ఫర్జ్ రెండయింది. ప్రయాణికుని అలసట ఎరిగిన ప్రభువు తనకు చెందవలసిన దానిలోనే సగం తగ్గించాడు!

తరువాత అతడు క్యాబిన్‌లోనే చిన్న స్టవ్ మీద టీ కాచి ఇచ్చాడు. వారానికి నాలుగు రాత్రులు ఆ క్యాబిన్‌లోనే నిద్ర అన్నాడు. లోపల సీట్ల వెనుక ఒక మనిషి పట్టే పరుపు, ఒక చిన్న ఫ్రిజ్, ముస్హఫ్, కూతురు గీసిన బొమ్మ. మన లారీల్లోలాగా క్లీనర్ ఉండడు. పగలు ఒంటరి, రాత్రి ఒంటరి.

“ఈ రాత్రి ఇక్కడేనా?” అని అడిగాను.

“అదే ఆలోచిస్తున్నాను చాచా” అని నవ్వాడు.

ఆ ఆలోచన ఏమిటో అర్థం కావడానికి నాకు కొంత సమయం పట్టింది. లారీ డ్రైవరు ఎంతసేపు నడపాలి, ఎంతసేపు నిద్రపోవాలి అన్నది అక్కడ అతని ఇష్టం కాదు, యజమాని ఇష్టమూ కాదు. చట్టం లెక్కగట్టి పెట్టింది. నాలుగున్నర గంటలు నడిపితే నలభై అయిదు నిమిషాల విరామం. రోజుకు తొమ్మిది గంటలకు మించి నడపకూడదు. వారంలో రెండు రోజులు మాత్రం పది గంటలకు అనుమతి. రోజు ముగిశాక పదకొండు గంటల ఎడతెగని విశ్రాంతి. రెండు వారాంతపు విశ్రాంతుల నడుమ మూడుసార్లు దాన్ని తొమ్మిది గంటలకు కుదించవచ్చు. ఇదంతా టాకోగ్రాఫ్ అనే యంత్రం నమోదు చేస్తుంది. డ్రైవరు తన కార్డును అందులో పెట్టనిదే బండి నడపరాదు. తనిఖీ అధికారులు రోడ్డు మీద ఆపి గడచిన 28 రోజుల లెక్క అడగవచ్చు, తప్పు తేలితే అక్కడికక్కడే జరిమానా వేయవచ్చు. సురక్షితమైన చోటు చేరడానికి కొద్దిగా ఎక్కువ నడపవలసి వస్తే మినహాయింపు ఉంది గాని, కారణం కాగితం మీద రాసి పెట్టుకోవాలి. రోజూ అదే కారణం రాస్తే ఎవరు నమ్ముతారు?

ఇవి మంచి నియమాలు. నలభై నాలుగు టన్నుల బండిని నిద్రమత్తులో నడిపేవాడు తనకూ ఎదుటివాడికీ మృత్యువే. మన హైదరాబాద్ విజయవాడ రహదారి మీద తెల్లవారుజామున జరిగే ప్రమాదాల వార్తలు చదివినవారికి ఇది చెప్పనక్కరలేదు. డ్రైవరు నిద్రపోవాలని చట్టం శాసించడం ఒక రకంగా కరుణ.

అయితే చూడండి. చట్టం తొమ్మిది లేక పదకొండు గంటలు ఆగమంటుంది. అదే ప్రభుత్వం ఉచితంగా ఆగనిచ్చేది రెండు గంటలు. మిగిలిన గంటలకు ధర ఉంది. ఆ ఆవరణలో ఒక స్తంభానికి బోర్డు కట్టి ఉంది. లారీ రాత్రికి ముప్పై అయిదు పౌండ్లు. చోటును బట్టి పాతిక నుంచి నలభై దాకా ఉంటుందట. మన రూపాయల్లో మూడు వేల నుంచి నాలుగు వేల పైచిలుకు. మరో రెండు మూడు పౌండ్లు కలిపి కడితే పది పౌండ్ల భోజనం కూపను ఇస్తారు. మా సోదరునికి ఆ కూపను మీద చిన్న చిరాకు ఉంది. అక్కడి బర్గరు దుకాణంలోని మాంసం హలాల్ కాదు. చేప, బంగాళదుంప వేపుళ్ళు, లేదా కాఫీ, బిస్కెట్లు. “పదేళ్ళుగా వీళ్ళ బంగాళదుంపలు తింటున్నాను” అన్నాడు.

ఈ ముప్పై అయిదు ఎవరు కట్టాలి? అసలు సంగతి అదే. కొన్ని రవాణా సంస్థలు పార్కింగ్ ఖర్చు తామే నేరుగా భరిస్తాయి. డ్రైవరు ఫోనులో బండి నంబరు కొడితే చాలు, బిల్లు సంస్థకు పోతుంది. మరికొన్ని సంస్థలు రాత్రి బయట గడిపినందుకు ఇంత అని భత్యం చేతికిచ్చి, ఎక్కడ ఆపుకుంటావో నీ ఇష్టం అంటాయి. పన్ను లేకుండా ఇవ్వగల ఆ భత్యానికి పన్నుల శాఖ ఎన్నో ఏళ్ళుగా ఒక అంకె పెట్టింది. బయట గది తీసుకొని పడుకుంటే 34.90 పౌండ్లు, లారీలోనే పడక ఉంటే నాలుగో వంతు తగ్గించి 26.20 పౌండ్లు. మా సోదరునికి ఇచ్చేది ఆ రెండవ అంకె. అందులోనే రాత్రి భోజనం, స్నానం, పార్కింగ్ అన్నీ.

లెక్క వేయడం నా పాత అలవాటు. నాలుగు రాత్రులకు భత్యం 104.80. నాలుగు రాత్రులకు పార్కింగ్ 140. అంటే చట్టం చెప్పిన చోట, చట్టం చెప్పినంతసేపు నిద్రపోయినందుకు ప్రతి వారం అతని జేబు నుంచి 35.20 పోతుంది, తిండి సంగతి వదిలేసినా. ఎక్కడైనా చీకట్లో ఊరికే ఆపుకుంటే ఆ 104.80 మొత్తం మిగులుతుంది. నెలకు నాలుగు వందల పౌండ్లకు పైమాటే. అతని తల్లి మీర్‌పూర్‌లో మంచం పట్టి ఉంది, చూసుకొనే మనిషిని పెట్టారు. ఆ మనిషి జీతం ఈ నిద్ర నుంచే పోతుంది. “నేను బాగా నిద్రపోతే అమ్మకు తక్కువ పోతుంది చాచా” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని, మా ఆవిడ టీ కప్పు కింద పెట్టేసింది.

ఊరికే ఆపుకొనే ఆ చోట్లను లే-బై అంటారు. మోటార్‌వే మీద కాదు, దాని నుంచి చీలిన మామూలు రహదారుల పక్కన అర్ధచంద్రాకారంగా వదిలిన జాగా. దీపం ఉండదు, కావలి ఉండదు, మరుగుదొడ్డి ఉండదు. రాత్రంతా పక్కనే బండ్లు దూసుకుపోతుంటే క్యాబిన్ ఊగుతూ ఉంటుందట. మా సోదరుడు అయిదు లీటర్ల నీళ్ళ డబ్బా, ఒక లోటా ఎప్పుడూ సీటు కింద ఉంచుకుంటాడు. తహారత్ పాటించే మనిషికి ఆ లే-బైలో వానలో, చలిలో, చీకటిలో పడే ఇబ్బంది ఎటువంటిదో అతడు వివరించలేదు, మేము అడగలేదు. ఈ వృత్తిలోకి స్త్రీలు వస్తున్నారు గాని బహు తక్కువగా వస్తున్నారని అల్లుడన్నప్పుడు, ఆ లోటా చూసిన మాకు ఆశ్చర్యం కలగలేదు.

పైగా దొంగలు. అక్కడి లారీలలో ఎక్కువ వాటికి పక్కలు గట్టి రేకుతో కాక మందపాటి తెరగుడ్డతో ఉంటాయి. రాత్రి డ్రైవరు నిద్రలో ఉండగా కత్తితో ఆ గుడ్డను కోసి లోపల ఏముందో చూస్తారు. పనికొచ్చే సరుకైతే దించుకుపోతారు, కాకపోతే మరో బండి చూసుకుంటారు. నెల క్రితం ఇతని బండికీ అలా జరిగింది. లోపల ఉన్నవి తోటకు వేసే మట్టి సంచులు. దొంగలు నిరాశతో వెళ్ళిపోయారు. చిరిగిన గుడ్డకు సంజాయిషీ మాత్రం ఇతడు రాసుకోవలసి వచ్చింది.

చుట్టుపక్కల గ్రామాలవారి బాధ మరొకటి. పొద్దున్నే లే-బై దగ్గర చెత్త, సీసాలు, దుర్వాసన. డోవర్ రేవుకు పోయే లారీలన్నీ దాటే కెంట్ ప్రాంతంలో 2017 నుంచి కొన్ని రోడ్ల పక్కన రాత్రి ఆపిన లారీల చక్రాలకు తాళం వేయడం మొదలుపెట్టారు. అదే సంవత్సరం వారాంతపు నలభై అయిదు గంటల పూర్తి విశ్రాంతిని లే-బైలో క్యాబిన్‌లోనే గడిపేవారికి మూడు వందల పౌండ్ల దాకా జరిమానా వేసే నిబంధన బ్రిటన్ అంతటా వచ్చింది. గ్రామస్థుల పక్షాన నిలబడి చూస్తే తాళం న్యాయమే. అయితే తాళం పడిన లారీలోనివాడు ఎక్కడికి పోవాలి? పక్కనున్న మజిలీ సాయంత్రం ఆరేడు గంటలకే నిండిపోతుంది. ప్రభుత్వం 2022లో జరిపించిన సర్వేలో ఇంగ్లండులోని లారీ పార్కింగ్ ఆవరణలు రాత్రివేళ సగటున 83 శాతం నిండి ఉన్నాయని తేలింది. సగటు అంటే కొన్నిచోట్ల ఖాళీ, కొన్నిచోట్ల కిటకిట. డబ్బు చేతిలో ఉన్నా చోటు దొరకని రాత్రులు ఉంటాయి.

ఇక్కడ మజిలీ నడిపేవారి మాట కూడా వినాలి. 1992 నుంచి ఇవి ఎక్కడ కట్టాలో నిర్ణయించి, సొంత పెట్టుబడితో కట్టి నడిపేది ప్రైవేటు సంస్థలే. రోడ్డు వేసినట్టు ప్రభుత్వం వీటిని వేయదు. ఒక లారీ నిలిచే జాగాలో ఎన్నో కార్లు పడతాయి. కారువాడు కుటుంబంతో దిగి నలభై పౌండ్ల తిండి కొని గంటలో వెళతాడు. లారీవాడు తన స్టవ్ మీద టీ కాచుకొని పదకొండు గంటలు ఉంటాడు. కెమెరాలు, కావలి, స్నానాల గదులు, నలభై నాలుగు టన్నుల బరువుకు తట్టుకొనే నేల, వీటికి డబ్బు కావాలి. ధర ఎక్కువ అనవచ్చు, ఎక్కువే అని నేనూ అంటాను. ధరే ఉండకూడదని మాత్రం అనలేను.

ఆ చూరు కింద నిలబడి ఉండగా నా మనసు సరాయిల మీదికి పోయింది. మన చరిత్రలో బాటసారికి ఉచితంగా పడక దొరికిన కాలం ఉంది. షేర్‌షా సూరీ తన రహదారుల వెంట రెండు కోసులకొకటి చొప్పున సరాయిలు కట్టించాడని, అక్కడ ప్రయాణికులకు పడక, వేడినీళ్ళు, చన్నీళ్ళు, భోజనం, గుర్రాలకు దాణా ఇచ్చేవారని, హిందువులకు వారి ఆచారం ప్రకారం వేరుగా ఏర్పాట్లు ఉండేవని అబ్బాస్ ఖాన్ సర్వానీ రాశాడు. ఖలీఫా హారూన్ రషీద్ భార్య జుబైదా కూఫా నుంచి మక్కా దాకా ఎడారి దారిలో బావులు, తొట్లు తవ్వించింది. ఆ దారికి ఆమె పేరే నిలిచింది. తుర్కీలో కైసరీ దగ్గర 13వ శతాబ్దంలో సెల్జూక్ అమీరు జలాలుద్దీన్ ఖరతాయ్ కట్టించిన ఖాన్ ఇప్పటికీ నిలిచి ఉంది. దాని వక్ఫ్ పత్రంలో వచ్చిన ప్రయాణికుడు ముస్లిమైనా కాకపోయినా, పురుషుడైనా స్త్రీ అయినా, స్వతంత్రుడైనా బానిస అయినా అందరికీ ఒకే తీరున భోజనం పెట్టాలని రాయించాడు. అంత దూరం ఎందుకు, మన విజయవాడ రహదారి మీద హయత్‌నగర్‌లో కుతుబ్‌షాహీల కాలపు మసీదు ఉంది కదా. హయాత్ బక్షీ బేగం పేరిట వెలసినది. దాని ఆవరణ చుట్టూ వరుసగా కట్టిన గదులు బాటసారులు తలదాచుకోవడానికే. ఇప్పుడు ఆ గోడ పక్క నుంచే లారీలు రాత్రింబవళ్ళు పోతున్నాయి.

అయితే సరాయి ఉచితం అన్నది బాటసారికి మాత్రమే. దాని వెనుక ఎవరో ఖర్చు పెట్టారు. ఖరతాయ్ ఖాన్ వక్ఫ్‌కు భూములు, రాబడి రాసి ఇచ్చారు. షేర్‌షా సరాయిలకు గ్రామాల శిస్తు. అలసిన మనిషి చేయి చాపి అడగకముందే, ఖర్చు ఎవరి మీద పడాలో స్తోమత గలవారు ముందుగా కూర్చొని నిర్ణయించారు. మన దాబాలలో కూడా ఆ మర్యాద కొంత మిగిలి ఉంది. రెండు రొట్టెలు, పప్పు తిన్న డ్రైవరుకు నులకమంచం ఊరికే ఇస్తాడు దాబావాడు. బండి ఎన్ని గంటలు నిలిచిందో లెక్క కట్టడు. ఆ మంచం శుభ్రత గురించి, అక్కడి మరుగుదొడ్డి గురించి మాట్లాడకపోవడమే మంచిది. బ్రిటన్ మజిలీలోని వేడినీళ్ళ స్నానాల గది ముందు మన దాబా తలవంచుకోవలసిందే. మన డ్రైవరుకు నువ్వు ఇక చాలించి నిద్రపో అని గట్టిగా చెప్పే యంత్రమూ లేదు. ఎవరి లోటు వారిది.

ఎక్కువ నీళ్ళు ఉండి కూడా దారిన పోయేవానికి ఇవ్వనివాని గురించి దైవప్రవక్త (స) ఎంత కఠినంగా హెచ్చరించారో మనకు తెలుసు. ఇక్కడ ఆ నీళ్ళు ఎవరి దగ్గర ఉన్నాయి? మజిలీవాని దగ్గర కన్నా సరుకు యజమాని దగ్గర, రవాణా సంస్థ దగ్గర ఎక్కువగా ఉన్నాయని నాకు తోస్తోంది. డ్రైవరు నిద్ర అతని సొంత విలాసం కాదు. ఆ నిద్ర లేకుండా సరుకు మర్నాడు కదలదు. డీజిల్ ఖర్చు డ్రైవరు భత్యం నుంచి తీయరు కదా, టైరు ఖర్చు తీయరు కదా. పార్కింగ్ మాత్రం అతని ఇష్టానికి వదిలి, అతని తల్లి మందులకూ అతని భద్రతకూ మధ్య రోజూ రాత్రి పంచాయితీ పెట్టడం ఏ విధమైన న్యాయం? దుకాణంలో పాల సీసా కొనే మనలాంటివారి మీద కూడా ఇందులో కొంత పడుతుంది. అల్లుడు మాటల్లో చెప్పాడు: 2021లో డ్రైవర్ల కొరత వచ్చి పెట్రోలు బంకులు ఖాళీ అయినప్పుడు, సైనికుల చేత ట్యాంకర్లు నడిపించినప్పుడు, ఈ మనుషులు ఎక్కడ పడుకుంటున్నారన్న ప్రశ్న మొదటిసారి ఊరందరి నోటా వినిపించిందట. ఆ శరత్తులోనే ప్రభుత్వం డ్రైవర్ల మజిలీ సౌకర్యాలు మెరుగుపరచడానికి 32.5 మిలియన్ పౌండ్లు ప్రకటించింది. దానితో దీపాలు, స్నానాల గదులు వస్తాయి. బోర్డు మీది ముప్పై అయిదు అలాగే ఉంటుంది.

గంటంపావు గడిచింది. అల్లుడు గడియారం చూసుకున్నాడు. ఆశ్చర్యం ఏమిటంటే మా సోదరుడు కూడా గడియారం చూసుకున్నాడు. అప్పుడు చెప్పాడు తన ఉపాయం. రెండు గంటల ఉచితం లారీకి కూడా వర్తిస్తుంది. ఆ లోపల స్నానం చేసి, నమాజు చేసుకొని, తిని, కడుపు చల్లబడ్డాక బయలుదేరి, ఇరవై నిమిషాల దూరంలో తనకు తెలిసిన లే-బైకి పోతాడు. ఈ రోజుకు నడపడానికి ఇంకా ముప్పై అయిదు నిమిషాలు మిగిలి ఉన్నాయి, చాలు. నష్టం ఒక్కటే. విశ్రాంతి ఎడతెగనిదై ఉండాలి గనుక ఇక్కడ గడిపిన ఈ రెండు గంటలు లెక్కలోకి రావు. తొమ్మిది గంటలు అక్కడ బండి ఆపిన క్షణం నుంచి మళ్ళీ మొదలు. అంటే పొద్దున్న రెండు గంటలు ఆలస్యం, ఇల్లు చేరేది రెండు గంటలు ఆలస్యం. శుక్రవారం జుమా నమాజు బ్రాడ్‌ఫర్డ్‌లో దొరుకుతుందో దొరకదో.

“పోయిన నెల అక్కడేనా గుడ్డ కోసింది?” అని అడిగాను.

“అక్కడ కాదు చాచా, అది వేరే చోటు. ఇది మంచిది. పక్కన పొలం ఉంది, గొర్రెలుంటాయి.”

అల్లుడు అతన్ని కొంచెం పక్కకు తీసుకెళ్ళి ఏదో అన్నాడు. ఏమన్నాడో నాకు తెలుసు. నేనూ జేబులో చేయి పెట్టుకొనే ఉన్నాను. సోదరుడు అల్లుడి భుజం మీద చేయి వేశాడు. “ఈ రాత్రికి మీరు కడతారు భాయ్. సోమవారం రాత్రికి?” అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో, గర్వమూ లేదు. సోమవారం ఎలాగూ వస్తుందని తెలిసిన మనిషి గొంతు.

ఇచ్చింది కాదన్నాడు గాని, పెట్టింది కాదనలేకపోయాడు. మా ఆవిడ దారికని కట్టిన బిర్యానీ డబ్బా, రెండు ఉడికిన గుడ్లు, నిమ్మకాయ పచ్చడి చిన్న సీసా తెచ్చి మెట్టు మీద పెట్టింది. “బేటా, డబ్బా తిరిగి ఇవ్వనక్కరలేదు, పారేయవద్దు” అన్నది. అతడు రెండు చేతులతో తీసుకొని, తల్లి ఫోటో చూపించాడు. మీర్‌పూర్ ఇంటి వరండాలో తెల్లని చాదర్ కప్పుకొని కూర్చున్న పెద్దామె. మా ఆవిడ ఆ ఫోటోకు దుఆ చేసింది.

మేము కారు ఎక్కి వరుసలోకి వచ్చేసరికి మా ముందు ఒక లారీ మెల్లగా ద్వారం వైపు సాగుతోంది. వెనుక పలక చూసి అల్లుడు, అతనిదే అన్నాడు. కెమెరా కింద అతడు, అతని వెనుక మేము. మోటార్‌వే మీదికి ఎక్కాక అతడు ఎడమ పట్టీలోనే ఉండిపోయాడు. లారీలకు గంటకు యాభై ఆరు మైళ్ళు దాటకుండా యంత్రమే పట్టి ఉంచుతుందట. మేము పక్క నుంచి దాటుతుండగా నిద్ర మరిచిన మనుమరాలు అద్దానికి చేయి ఆనించి ఊపింది. లోపల చీకటి, కనబడిందో లేదో. కాని లారీ పక్క దీపాలు రెండుసార్లు వెలిగి ఆరాయి. వెనుకకు తిరిగి చూస్తూనే ఉన్నాను. తరువాతి కూడలి దగ్గర ఎడమ సూచిక మెరిసింది. వానలో ఆ పసుపు వెలుగు చీలుదారి మీదుగా ఎక్కి, గట్టు అవతలికి దిగిపోయింది.